చుక్క కారని తొట్టి

ఇవాళ పొద్దున్న కింద వాటాలో ఉండే ఆవిడ మెట్లెక్కి వచ్చి, మా బాల్కనీలోంచి నీళ్లు కారి తను ఎండబెట్టిన వడియాల మీద పడుతున్నాయని చెప్పింది. నేను ఎనిమిదిలో బడి మానేసి (నేను మానేశానో, బడే నన్ను మానేసిందో ఇప్పటికీ తేలలేదు) ఓడలు బాగుచేసే యార్డులో వెల్డింగు నేర్చుకున్నవాణ్ణి. మీ ఇంట్లో లీకు అంటే నాలాంటివాడికి అది తిట్టు కిందే లెక్క. అయినా నవ్వుకుంటూ దిగి, వడియాల పళ్లెం రెండడుగులు పక్కకి జరిపి వచ్చాను. కారే నీళ్లు మా మావయ్య చింతచెట్టువి. అవి కారని రోజునే నాకు బెంగ.

మావయ్య అంటే మా ఆవిడ తండ్రి. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. అన్నేసి టన్నులు గాల్లోకి లేపిన మనిషి, సీతమ్మధారలో డాబా మీద మూరెడు పొడవు బోన్సాయ్ చెట్ల ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవాడు. ఎదగనివ్వనిదానికి రోజూ నీళ్లెందుకని నేను ఏడిపిస్తే, నువ్వు కొమ్మలు చూసి మాట్లాడుతున్నావు, పనంతా కిందుంది అనేవాడు. రెండేళ్లకోసారి చెట్టుని తొట్టిలోంచి తీసి, వెదురుపుల్లతో మట్టి దులిపి, చిక్కుపడ్డ జుట్టు దువ్వినట్టు వేళ్లు దువ్వేవాడు. నిలువుగా దిగిపోయే లావు వేళ్లని కత్తిరించి, పక్కలకి పాకే సన్నవాటిని కాకికాలి వేళ్లలా పరిచేవాడు. చెట్టు మొదలు దగ్గర ఆ పట్టు పైకి కనపడాలని, లేకపోతే అది చెట్టు కాదు, గుచ్చిన పుల్ల అని ఆయన లెక్క. చెట్లన్నిట్లోకీ చింతచెట్టుకి మాత్రం ఆయన ఎప్పుడూ కాస్త తక్కువే కత్తిరించేవాడు. ఎందుకో నేను అడగలేదు.

ఓ వానాకాలం ఆయన తగరపువలసలో చెల్లెలింటికి పెళ్లిపనులకి వెళ్లాడు. చింతచెట్టు మట్టితొట్టి బీట వేసి ఉంది. వచ్చేసరికి అల్లుడి చేతిపని చూపిద్దామని, తుక్కు కొట్లో మందపాటి రేకు ఏరుకొచ్చి, అంచులు రాసి, మూలలు అతికి, నీలం రంగేసి పెద్ద పళ్లెంలాంటి తొట్టి చేశాను. మా పనిలో అలవాటు ప్రకారం నిండా నీళ్లు పోసి, కింద పేపరు పరిచి పూటంతా చూశాను. పేపరు తడవలేదు. చెట్టుని మట్టిగడ్డతో సహా తెచ్చి అందులో దించి, పెరటిమట్టి కూరాను. మావయ్య వచ్చి పైనుంచి చూసి, అతుకు మీద వేలు రాసి, బాగుందన్నాడు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

పదిహేను రోజులకి ఆకు పండి రాలడం మొదలైంది. మావయ్య తొట్టి అంచు కొద్దిగా ఎత్తాడు. మురికికాలవ వాసనతో నీళ్లు పైనుంచి పొర్లాయి. ఆయన వంగి అడుగున చెయ్యి పెట్టి అంతా తడిమాడు.

"కన్నాలేవి అల్లుడా?"

నేను ఇంకా గర్వంగానే ఉన్నాను. "నాను సేసినదానికి కన్నముంటాదేటి మావా? సుక్క కారదు."

మెట్ల దగ్గర నిలబడ్డ మా ఆవిడ అంది, "అది అమ్మ సెట్టు." మా అత్తగారు చింతపండు గింజలు తీస్తూంటే కరివేపాకు కుండీలోకి ఎగిరిపడిన గింజట అది. మొలిస్తే పీకనివ్వలేదట. మా పెళ్లికి ముందే ఆవిడ పోయింది. ఆవిడ చేతిది ఇంట్లో ప్రాణంతో మిగిలింది అదొక్కటే.

చెట్టుని బయటికి తీస్తే సగం వేళ్లు నల్లగా, పట్టుకుంటే జారిపోయేలా ఉన్నాయి. మావయ్య కత్తెర నా చేతిలో పెట్టాడు. చంపినవాడి చేతికే ఇస్తున్నావేటి మావా అన్నాను. ఆయన పీట కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"నాను కోత్తే జాలేసి సగం ఒదిలేత్తాను. ఓడకి తుప్పట్టిన రేకు ఎంతదాకా కోత్తారు మీరు?"

"మంచి ఇనుము తగిలేదాకా."

"ఇదీ అంతే. కొయ్యి."

కోశాను. నలుపు పోయి తెలుపు కనపడేదాకా కోశాను. వేళ్లు తగ్గినందుకు కొమ్మలూ తగ్గించమన్నాడు. ఆ తొట్టికి నా చేత్తోనే ఆరు కన్నాలు తొలిచి, వలముక్క వేసి, ఇటుకముక్కలూ ముతక ఇసుకా పోసి, చెట్టు కదలకుండా తీగతో కట్టాం. తర్వాత నలభై రోజులు నీడలో మోడు. మావయ్య వారానికోసారి గోరుతో బెరడు గీకి పచ్చగా ఉందా అని చూసేవాడు. నేను ఆయన మొహం చూసేవాణ్ణి. ఓ రోజు యార్డు నుంచి వచ్చేసరికి ఆయన పీట మీదనుంచి లేవకుండా చేత్తో పిలిచాడు. మోడు పక్కన గోరంత చిగురు. ఆయన పక్కకి జరిగి పీటలో సగం జాగా ఇచ్చాడు. ముక్కాలి పీట ఇద్దరికి చాలదు, ఇద్దరం పడ్డాం.

ఆ తర్వాత ఆ చెట్టు వేళ్లకి కత్తెర నాదే. ఇప్పటికి ఆరు కోతలు కోశాను. మూడింటికి ఎదురుగా ఆయన కూర్చున్నాడు, మూడింటికి ఈ బాల్కనీలో ఖాళీ పీట వేశాను. వేళ్లు కాకికాలిలా పరుచుకుని తొట్టి అంచు దాకా వచ్చేశాయి. రెండేళ్లకోసారి అవి చేతిలోకి వస్తే తప్ప, ఇంత కాలం గడిచిందంటే నాకు నమ్మకం కుదరదు.