టీబీ కావద్దన్న మొక్కు

గల్ఫ్‌లోని ఫుజైరాలో ఒక క్వారీ కంపెనీకి స్టోర్ కీపర్‌గా ఉన్న రోజుల్లో, నా అరవై రెండో ఏట, వీసా రెన్యువల్ కోసం తీసిన ఛాతీ ఎక్స్‌రేలో ఒక మచ్చ కనపడింది. టీబీ కావచ్చన్నారు. అదే అయితే ఉద్యోగం, వీసా, ఇరవై ఆరేళ్ల కాపురం అన్నీ మూటగట్టుకుని విమానం ఎక్కాల్సిందేనని భయపడ్డాం. తేలేదాకా ఆసుపత్రిలో ఒక గదిలో వేసి తలుపు మూశారు.

కిటికీ తెరుచుకోదు. భోజనం తలుపు దగ్గర పెట్టి పారిపోయేవారు. పొద్దున్నే డబ్బాలో కఫం ఉమ్మడం తప్ప నాకు వేరే పని లేదు. నాలుగో రోజుకి కిటికీ అద్దాన్ని కుర్చీతో పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ అద్దానికి అవతల నా భార్య నిలబడి ఫోన్‌లో మాట్లాడేది.

"టీబీ కావద్దని ఎంకన్నకు మొక్కిన. మీకు గుండు కొట్టిపిస్తనన్న."

"నెత్తి నాది, మొక్కు నీదా?"

"ఉన్నయే నాలుగెంట్రుకలు. ఇస్తే ఏం పోతది?"

వారం తిరిగేసరికి, కంపెనీలో వీసా పనులు చూసే మలయాళీ నవ్వుకుంటూ వచ్చాడు. "ముబారక్ సాబ్! టీబీ నహీ హై. ఖలాస్!" టీబీ కాదని, గండం గడిచిందని వినగానే నా భార్య అతనికి దండం పెట్టింది. నేను ఏడ్చాను. మరి ఆ మచ్చ ఏమిటని అడగాలని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

డాక్టర్‌కి తోచింది. స్కాన్, సూది పరీక్ష అయ్యాక ఊపిరితిత్తిలో క్యాన్సర్ అన్నాడు. వీసాకు మాత్రం అది అడ్డం కాలేదు; ఆ వారమే ముద్ర పడింది.

ఈ వయసులో ఛాతీ పెద్దగా కోయనక్కర్లేదు, మూడు చిన్న రంధ్రాలు చాలు, ఒకదాంట్లోంచి కెమెరా పంపి చెడిన భాగం తీసేస్తానన్నాడు దుబాయ్ సర్జన్. చిన్నవి, చిన్నవి అని ఎన్నిసార్లన్నాడో. ఆయనకేం, బల్ల మీద పడుకునేది నేను.

ఆపరేషన్ రోజు పొద్దున నా భార్య చెవి దగ్గరకొచ్చి, "ఈసారి ఎంకన్నను ఏమడగాల్నో మీరే సక్కగ చెప్పుండ్రి," అంది. నేను చెప్పేలోపే స్ట్రెచర్ తోసుకుపోయారు.

మెలకువ వచ్చేసరికి పక్కటెముకల మధ్య నుంచి ఒక గొట్టం, దాని చివర మంచం కింద నీళ్ల డబ్బా. అటు తిరగలేను, ఇటు తిరగలేను, గట్టిగా దగ్గలేను. మళ్లీ కట్టేశారు నన్ను. కణితి మొత్తం వచ్చేసిందని చెప్పి సర్జన్ వెళ్లాక ఆమెను అడిగాను.

"ఏమడిగినవ్?"

నా దుప్పటి సర్దింది.

"ఏమడగలె. మొన్న అడిగింది అడిగినట్టే ఇచ్చిండు గద. మళ్ల నోరు తెరువాల్నంటె భయమైంది."