ఏరు నిండుగా ఉన్నప్పుడు

మా పుట్టింటి ఏరు కొండల్లో పుట్టి సముద్రంలో కలవడం ఒక్కరోజు నడకలో ముగిసిపోతుంది. పైన కుంకుళ్లు, చింతపండు ఏరి అమ్మేవాళ్లు, నడుమ చెరకు రైతులు, చివర మా ఊరూ జాలరిపేటా. భూగోళశాస్త్రంలో డిగ్రీ చేశాను గాని, మూడేళ్లలో ఈ ఏటి గురించి ఒక్క ప్రశ్న రాలేదు. అంత చిన్నదాన్ని అడగడం విశ్వవిద్యాలయానికి నామోషీ కాబోలు.

పోటు వేళ సముద్రం మా రేవు దాకా ఎక్కి వస్తుంది. అప్పుడు ఏరు నిండుగా, చూడముచ్చటగా ఉంటుంది. నోట్లో పోసుకుంటే ఉప్పు. అందుకే మా ఆడవాళ్లు సముద్రం వెనక్కి తగ్గి, ఏరు చిక్కిపోయాకే బిందెలతో దిగుతారు.

పాపకు ఐదో నెలలో మమ్మల్ని జహీరాబాదు తీసుకుపోవడానికి అత్తగారు వచ్చారు. మెట్టపొలాల ఇల్లు వాళ్లది. నీళ్ల విలువ తమకు తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. ఎక్కడి ఏటి నీళ్లయినా తెచ్చి వాడకట్టుకు తీర్థం పోయడం వాళ్ల ఆచారం. నేను పాప బట్టలు సర్దుతుండగా ఆవిడే రేవుకు వెళ్లి కొత్త రేకు డబ్బా నింపుకొచ్చారు. రైల్లోనూ బస్సులోనూ నాకన్నా ఆ డబ్బాకే మంచి చోటు దొరికింది.

దారిలో పాపకు రెండుసార్లు విరేచనమైంది. మర్నాడు వాడకట్టు ఆడవాళ్లు కూర్చోగానే అత్తగారు చెంచా తీశారు.

"ముందుగాల నా మనుమరాలికి."

"ఏ వేళకు ముంచారు అత్తయ్యా?"

"నిండుగున్నప్పుడే. చిక్కిపోయిన ఏట్ల ఎవరన్న ముంచుతరా?"

"అవి సముద్రం నీళ్లు. పాపకు పట్టకండి."

"సూసిన్రా, ఏరు ఎట్ల పారుతదో నాకు నేర్పుతది!"

"పోనియ్ అక్కా," అంది కోహీర్ నుంచి వచ్చిన చుట్టం. "సదువుకున్నోళ్లకు ఫికర్ జాస్తి."

చెంచా పాప పెదవులను తాకబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. కాపురానికి వచ్చాక అదే మొదటిసారి. "ముందు మీరు తాగండి."

విసురుగా తాగారు. నలుగురిలో తీర్థం ఉమ్మేయడానికి లేదు. కళ్లు చెమర్చేదాకా గుటక దిగలేదు.

"పసిపిల్లకు అరగదు," అని తీర్పు చెప్పారు. "పెద్దోళ్లకే మంచిది."

దోసిళ్లు చాపి ఒక్కొక్కరే భక్తిగా మింగారు.

"జర ఉప్పుగున్నయి కదా?"

"బలం," అన్నారు అత్తగారు. "ఆడ గట్లనే ఉంటయి."

"అట్లనా? అయితే మా ఇంటాయనకు కూడ ఇంత పొయ్యి."

నేను పాపను లోపలికి ఎత్తుకుపోయి, కాచి చల్లార్చిన బావినీళ్లు చెంచాతో పట్టాను. గుక్కగుక్కకూ పెదవులు చప్పరిస్తూ తాగింది.