బట్టలు వదులయ్యాయా?

నా చెప్పుల షాపు పక్కనే టైలర్ మాస్టారి షాపు. వీధిలో అందరూ ఆయన్ని అరంగుళం మాస్టారంటారు. ఎదుటివాడి చొక్కా భుజం అరంగుళం జారినా ఆయనకు అన్నం సహించదు. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషిని "ఈ కాలరు ఎవరు కుట్టారండీ?" అని అడిగి తగువు కొనితెచ్చుకున్న ఘనుడు. ఇంతగా గుడ్డు మీద ఈకలు పీకే ఈయన, తన ఒంటి సంగతి ఎవరైనా అడిగితే మాత్రం "బాగానే ఉన్నా" అని తేల్చేసేవారు.

ఆయనకు పెద్దపేగులో క్యాన్సర్ వస్తే నగరంలోని పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి తీసేశారు. ఆ తర్వాత ఆయన్ని కనిపెట్టుకుని ఉండే పని ఇద్దరు పంచుకున్నారు. ఆరు నెలలకోసారి స్కానింగ్ పెద్దాసుపత్రిది, మధ్యలో చూసుకోవడం మా వీధి డాక్టరమ్మది. ఈ రెంటినీ కలిపేది ఫోన్‌లో ఒక యాప్. వారానికోసారి అది ప్రశ్నలు అడుగుతుంది, మాస్టారు జవాబులు నొక్కుతారు, అవి రెండు చోట్లా కనిపిస్తాయి. ఏదైనా తేడా ఉంటే ఆసుపత్రి నర్సు ఫోన్ చేస్తుంది. లేదంటే ఎవరి పని వాళ్ళది.

అందులో ఒక ప్రశ్న బరువు గురించి. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ లేనివాళ్ళ కోసం దాని కిందే ఇంకోటి పెట్టారు: "మీ బట్టలు వదులయ్యాయా?" మామూలు వాళ్ళకైతే మంచి ప్రశ్నే. టైలర్ని అడగడమంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. మాస్టారు వారం వారం "లేదు" నొక్కుతూ వచ్చారు.

ఒక సాయంత్రం ఆయన భార్య షాపులో కూర్చుని కాజాలు కుడుతోంది. నేను నా షాపులో డబ్బుల సొరుగుకు తాళం వేసి, కబుర్లకని అక్కడికి చేరాను. మాస్టారు తన ప్యాంటు ఒకటి మిషన్ మీద వేసి నడుము తగ్గించి, తెర వెనక తొడుక్కుని వచ్చి, ఫోన్ తీసి జవాబులు నొక్కడం మొదలుపెట్టారు. ఆవిడ ఓరగా చూసింది.

"ఇప్పుడేగా నడుము తగ్గించారు. లేదని నొక్కారేంటి?"

"తగ్గించాక ఇంకా వదులేముంది? సరిగ్గా సరిపోయిందిగా."

నేను పకపకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కొక్కేనికి వేలాడుతున్న ఆయన ప్యాంట్లు తీసి తిరగేసింది. నడుము దగ్గర, లోపలివైపు, విప్పేసిన కుట్టు తాలూకు సూది గుర్తులు ఒక వరస. దాని పక్కన ఇంకో వరస, ఆ పక్కన మరోటి. అన్నిటికీ అంతే. ఆవిడ ఫోన్ లాక్కుని ఆ ప్రశ్నకు "అవును" అని మార్చింది.

మర్నాడు నర్సు ఫోన్ చేసి, ఆ పూటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమంది. డాక్టరమ్మ బరువు చూసి, కంప్యూటర్‌లో పాత బరువు చూసి, పెద్దాసుపత్రికి తనే ఫోన్ చేసింది. వాళ్ళు మామూలు గడువు దాకా ఆగకుండా పిలిపించారు. స్కాన్ చేస్తే కాలేయంలో మచ్చ కనబడింది. చిన్నదే, తీసేయొచ్చన్నారు. ఇంకా కొన్నాళ్ళు ఇలాగే సాగి ఉంటే చేతులెత్తేయాల్సి వచ్చేదట.

వీధిలో ఇది నవ్వులాట అయిపోయింది. మాస్టారు యాప్‌కి కూడా ఆల్టరేషన్ చేశారని చెప్పుకున్నారు. అందులో నా వంతూ ఉంది. పాపం అమాయకుడు, ప్రశ్న అర్థం కాలేదనుకున్నాం.

ఆపరేషన్ రోజు తోడుగా నేనూ వెళ్ళాను. వరండాలో బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. ఆవిడ ఉన్నట్టుండి అడిగింది.

"నిజం చెప్పండి. మీకు తెలియలేదా?"

మాస్టారు తల దించుకునే చెప్పారు.

"కొలతలు తీసి బతికేవాణ్ణి. నా నడుము సంగతి నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? ప్యాంటు జారినప్పుడల్లా గుండె జారిపోయేది. కుట్టేసుకుంటే ఆ వారానికి గడిచిపోయేది."

"నాకైనా చెప్పొచ్చుగా."

"నువ్వు భయపడతావని."

నాకు అక్కడ కూర్చోవడానికి మొహం చెల్లలేదు. మంచినీళ్ళు తెస్తానని లేచాను. ఆవిడకు కోపం వచ్చిందని మొహం చూస్తే తెలుస్తోంది, కానీ గొంతులో కోపం లేదు.

"అయితే ఇన్నాళ్ళూ నా పక్కనే కూర్చుని, ఒక్కరే భయపడుతూ కుట్టుకున్నారా?"

ఆయన అవునని తలూపారు.