పేదల ఇండ్ల కోసమని తీసుకున్న తోట

మా మేనత్తకు కర్నూలును ఆనుకున్న కల్లూరు చివర ఎకరన్నర తోట ఉండేది. ఒకవైపు కొత్తగా లేస్తున్న ఇళ్లు, రేకుల షెడ్లలో నడిచే చిన్న ఫ్యాక్టరీలు. ఇంకోవైపు మా అత్త పెంచే బెండ, వంగ, తోటకూర మడులు, గట్ల వెంబడి కనకాంబరాలు. పెళ్లయిన కొత్తలో అత్తా మామా కొన్న భూమి అది. మామ తాపీ మేస్త్రీ. బావి తవ్వించినప్పుడు కూలీలతో పాటు వీళ్లిద్దరూ మట్టి గంపలు మోశారట. మామ పోయాక, పిల్లలు లేని మా అత్త ఆ తోటను పట్టుకునే బతికింది. కర్నూలులో ఒక ప్రైవేటు బడిలో నాకు టీచరు పని దొరికినప్పుడు నేను ఆమె దగ్గరికే వచ్చి చేరాను. తోటలోనే మామ కట్టిన చిన్న గదిలో ఇద్దరం ఉండేవాళ్లం. పొద్దున్నే కూరాకు మూటలతో ఆమె, పుస్తకాల సంచితో నేను ఒకే షేర్ ఆటోలో పోయేవాళ్లం.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. ఒకరోజు సర్వేయరు, ఆఫీసు మనుషులు వచ్చి తోటలో గొలుసు లాగారు. అత్త మడికి నీళ్లు కట్టుకుంటూ అలాగే నిలబడి చూసింది.

"ఏమప్పా, ఏం కొలుస్తాండారు?"

"గవర్నమెంటు తీసుకుంటాది అవ్వా. పేదోళ్లకు ఇండ్లు కట్టిస్తారంట."

మా తోటతో పాటు ఇంకో ముగ్గురు రైతుల భూములు ఆ కొలతలో పోయాయి. మా గట్టును ఆనుకునే దక్షిణాన పెద్ద బీడు ఉండేది. ఏళ్ల తరబడి అందులో ఎవరూ నాగలి పెట్టలేదు. అది అక్కడి నాయకుడొకాయన బావమరిదిది. గొలుసు దాని అంచు దాకా వచ్చి పక్కకు తిరిగిపోయింది.

తర్వాత నోటీసు వచ్చింది. చదివి చెప్పింది నేనే. అత్యవసరం కాబట్టి అభ్యంతరాలు వినే విచారణ ఉండదని అందులో రాశారు. ఏళ్లుగా ఇళ్లు లేని జనాన్ని పట్టించుకోని ప్రభుత్వానికి అంత అత్యవసరం ఎక్కడి నుంచి వచ్చిపడిందో నాకు అర్థం కాలేదు. అత్తకు మాత్రం ఒకే ఒక్క మాట అర్థమైంది.

"అంటే, నన్ను అడగరన్న మాట."

"అడగక్కర్లేదని చట్టంలో ఉందంట అత్తా."

ఆమె మోటారు ఆపేసి ఇంట్లోకి పోయింది.

ఆ వారంలోనే కొందరు ఆడవాళ్లు తోటకొచ్చారు. కాలవ గట్టు మీద గుడిసెలు వేసుకుని బతికేవాళ్లు. వాళ్ల పేర్లు పట్టాల జాబితాలో ఉన్నాయని, మా అత్త లాంటి వాళ్లు అడ్డం పడుతున్నారు కాబట్టే ఆలస్యమవుతోందని ఎవరో వాళ్లకు ఎక్కించారు. వాళ్లలో ఇటుకల బట్టీలో పని చేసే ఒకామె ముందుకొచ్చి చెయ్యి చూపిస్తూ అరిచింది.

"ఒక్కదానివి ఉండావు, నీకింత భూమి యాలమ్మా? నా పిల్లోళ్లు వాన పడితే యాడ పండుకోవల్ల? మాకు కొంప ల్యాకుండా చేస్తాండావు కదా!"

అత్త కూడా గట్టిగానే మాట్లాడింది. ఇద్దరూ చాలాసేపు తిట్టుకున్నారు. వాళ్లు వెళ్లిపోయాక అత్త గట్టు మీద కూలబడింది. నేను ఏదో సర్దిచెప్పబోతే ఆపేసింది.

"ఆమె అన్న దాంట్లో అబద్ధం ఏముండాది పాపా? వానొస్తే వాళ్లు యాడికి పోతారు?"

మర్నాడు నన్ను బడికి సెలవు పెట్టించి, భూసేకరణ అధికారి దగ్గరికి బయలుదేరింది. దారంతా ఆలోచించుకుంటూనే ఉంది. ఆయన ముందు చేతులు కట్టుకోలేదు, ఏడవలేదు. సగం తోట తానే ఇస్తానంది. దక్షిణం వైపు రోడ్డుకు దగ్గరగా ఉన్న సగం. బావి ఉన్న సగం మాత్రం తనకు వదిలేయమంది.

"ఆ పక్కన బీడు ఉండాది కదా సార్. నా సగమూ, ఆ బీడూ కలిపితే మీకు కావల్సినదాని కన్నా ఎక్కువే అవుతాది. బావి ఉంటే నేను బతుకుతా. వాళ్లకు కూడా నీళ్లిస్తా."

ఆయన కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే అన్నాడు. "లేఅవుట్ అయిపోయిందమ్మా. ఇప్పుడు మార్చడానికి లేదు. పేదల కోసం కదా, కొంచెం పెద్ద మనసు చేసుకోండి."

"నేనేమన్నా జమీందారునా సార్? కూరాకు అమ్ముకునేదాన్ని."

"అర్థం చేసుకోండమ్మా" అని ఆయన బంట్రోతును పిలిచాడు. మేం బయటికొచ్చేశాం. పెద్ద మనసు చేసుకోమన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. సగం భూమి ఇస్తానని వచ్చిన మనిషితో ఆ మాట అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో!

ముగ్గురు రైతుల్లో ఇద్దరు ఇచ్చింది తీసుకుని సంతకాలు పెట్టేశారు. మూడో ఆయన, మా అత్త కలిసి హైదరాబాదులో వకీలును పట్టుకుని కేసు వేశారు. కేసు ఇంకా విచారణకు రాకముందే పొక్లెయిన్ వచ్చింది.

ఆ పొద్దున తోటకూర కోతకొచ్చి ఉంది. పోలీసులు, ఆఫీసు జనం, వాళ్ల వెనక ఆ యంత్రం. అత్త పోయి బావి ఒడ్డున కూర్చుంది. "దీన్ని పూడ్చేముందు నన్ను పూడ్చండప్పా" అంది. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్లు చంకల కింద చేతులు వేసి ఆమెను లేపారు. వాళ్లింకా చిన్నపిల్లలే. ఒకమ్మాయి "లెయ్ పెద్దమ్మా, మాకు ఆర్డరు, ఏం చేస్తాం?" అని బతిమాలుతూనే లాగింది. నేను కేసు కాగితాలు పట్టుకుని అధికారి వెంట పడ్డాను. స్టే ఉందా అని అడిగాడు. లేదన్నాను. అయితే పక్కకు జరగమన్నాడు. నేను వచ్చి అత్త చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

యంత్రం కనకాంబరాల గట్టు నుంచి మొదలుపెట్టింది. అత్త నా చేతిలోంచి విడిపించుకుని మళ్లీ లోపలికి పోయింది. బావి దగ్గరికి పోతోందనుకుని కానిస్టేబుళ్లు పరిగెత్తారు. ఆమె తోటకూర మడిలో కూర్చుని కోత మొదలుపెట్టింది. యంత్రం ఒకవైపు నుంచి వస్తుంటే ఆమె ఇంకోవైపు కోస్తూ పోయింది. ఎవరూ ఆపలేదు. నేను కూడా పోయి కోశాను. కోసినంత కట్టలు కట్టి రోడ్డు మీద పెట్టాం. మధ్యాహ్నానికల్లా బావిలోకి మట్టి, మా మామ కట్టిన చిన్న గది గోడలు, మోటారు దిమ్మె, అన్నీ తోసేశారు. మర్నాడు పొద్దున అత్త ఆ కూరాకు తీసుకుపోయి మామూలుగా అమ్ముకొచ్చింది.

మేం ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకున్నాం. పరిహారం డబ్బు కోర్టులో జమ కట్టామని ఆఫీసువాళ్లు అన్నారు. అత్త దాని జోలికి పోలేదు.

అక్కడ ఇళ్లు కట్టలేదు. కొన్నాళ్లు రాళ్లు పాతి వదిలేశారు. తర్వాత స్థలం చుట్టూ గోడ వచ్చింది. సామాజిక భవనం అన్నారు. అది మెల్లగా ఏసీ గదులు, అద్దాల తలుపులు ఉన్న ఫంక్షన్ హాలుగా తేలింది. నడిపేది ఆ బీడు ఆసామీయే, నాయకుడి బావమరిది. బీడును కార్లు నిలపడానికి చదును చేసుకున్నాడు. ఎవరినడిగినా లీజు అని ఒక్కమాట చెప్పేవారు.

అప్పుడొకరోజు బట్టీలో పని చేసే ఆ మనిషి మా గది వెతుక్కుంటూ వచ్చింది. గడప బయటే నిలబడింది. నేను తలుపు వేసేద్దామనుకున్నాను. అత్త లోపలికి రమ్మంది.

"అక్కా, మాకు కొండ కింద జాగాలు ఇచ్చినారు. అంతా రాళ్లే. నీళ్లు ల్యావు, బస్సు రాదు. నీ తోట నీ దగ్గర గుంజుకున్యారు, మాకూ ఇయ్యల్యా. ఆ పొద్దు నోటికొచ్చినట్ల తిట్టినా."

"నేను తక్కువ తిట్టినానా?" అంది అత్త. "కూచో. అన్నం తిన్యావా?"

తోటలో ఒక్క పేదవాడికీ ఇల్లు ఇవ్వలేదని కోర్టులో చెప్పడానికి ఆ బట్టీ ఆమె తనంతట తానే ఒప్పుకుంది. వకీలు రాసిన కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆ తర్వాత ఆమెను పట్టా తీసేస్తామని బెదిరించారు. బట్టీలో కొన్నాళ్లు పనికి రానివ్వలేదు. అయినా మాట మార్చలేదు. కేసు మొత్తంలో మాకు గట్టిగా నిలబడిన సాక్ష్యం అదేనని వకీలు చెప్పాడు. మాతో పాటు కేసు వేసిన రైతు మధ్యలోనే రాజీ పడి వెళ్లిపోయాడు. ఆయన్ను మేమేమీ అనలేకపోయాం. కూతురి ఆసుపత్రి ఖర్చులు ఆయన మీద పడ్డాయి.

ఏళ్లు గడిచాక తీర్పు వచ్చింది. వకీలు ఫోన్‌లో సంతోషంగా మాట్లాడాడు. మనం గెలిచామన్నాడు. అత్యవసరమంటూ విచారణ ఎగ్గొట్టడం తప్పేనంది కోర్టు. చెప్పిన పనికి భూమిని వాడలేదన్నదీ ఒప్పుకుంది. అయితే అక్కడ భవనం లేచింది కాబట్టి భూమి వెనక్కి ఇప్పించడం సాధ్యం కాదని, పరిహారం కొత్తగా లెక్క కట్టి ఇవ్వమని చెప్పింది.

ఇదంతా నేను అత్తకు విడమరచి చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది.

"తప్పు వాళ్లదేనంటావు."

"అవునత్తా."

"భూమి మాత్రం నాది కాదంటావు."

నేను చేట నా వైపు లాక్కున్నాను.

"మరి గెలిచింది ఎవరు పాపా?"

పైకోర్టుకు పోదామా అని వకీలు అడిగాడు. అత్త వద్దంది. నేను ఒత్తిడి చేశాను. నాకు పెద్ద మనసు చేసుకోమన్న ఆ అధికారి మీద, ఆ ఫంక్షన్ హాలు మీద కసి ఉండేది. ఆమెకు ఇంకో దిగులు ఉండేది. "నేను సచ్చినాక గెలిచి ఏం చేసుకుంటావు? నీకు కూరాకు ఎట్ల పెంచాల్నో కూడా తెలీదు" అంది. అది నిజమే. నేను బడిపిల్లలకు పాఠాలు చెప్పుకునేదాన్ని, ఒక్క మడి కట్టి ఎరగను.

వచ్చిన డబ్బుతో అదే చుట్టుపక్కల తోట కొందామని తిరిగాం. అప్పటికి కల్లూరులో ఎకరాలు అమ్మేవాళ్లు లేరు, అన్నీ ప్లాట్లే. చివరికి ఆమె కొండ కింద, ఆ బట్టీ ఆమె ఇంటి పక్కన, ఒక చిన్న రేకుల ఇల్లు కొనుక్కుంది. నేను నా జీవితం నేను చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయాను. ఆదివారాలు పోయేదాన్ని. నేను పోయేసరికి వాళ్లిద్దరూ నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి, వాటి పక్కన నేల మీద కూర్చుని ఉండేవాళ్లు.

"పొద్దున వస్తాదన్యారు, ఇంకా రాల్యా" అనేది అత్త నన్ను చూసి. "నువ్వు ఎండలో నిలబడొద్దు పాపా, ఇంట్లోకి పో."