శౌరయ్యగారి చెంచా

మా శౌరయ్యగారు ఎవరికైనా ఒక్క చెంచాడే వైను పోస్తారు. పోసి, "ఏం తగిలింది?" అని అడుగుతారు. జవాబు చెప్పేదాకా వదలరు. రెండో చెంచా అడిగితే మాత్రం ఆయనకు చెవుడొస్తుంది.

రైల్వేలో గార్డుగా చేసి రిటైరై భవానీపురంలో ఇల్లు కట్టుకున్నారు. ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దగ్గర నేర్చుకుని, నల్లద్రాక్ష రసం పులియబెట్టి, అందులో బ్రాందీ పోసి, ఆవకాయ జాడీలో ఏళ్ల తరబడి మాగేశారు. అదే ఆయన పోర్టు వైను. ఏటా క్రిస్మస్ పూజ అయ్యాక చుట్టుపక్కల వాళ్లను పిలిచి మూత తీస్తారు.

డెబ్బై నాలుగులో నేను వాళ్లింట్లో ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. బి.ఏ. పాసయ్యాను, ఉద్యోగం లేదు, గొప్పలకు మాత్రం లోటు లేదు. జనవరిలో గన్నవరంలో గుమాస్తా పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది. అది తప్పితే మూటాముల్లె సర్దుకుని ఊరికి పోవడమే. అప్పటికే నా చెప్పు పిన్నీసు మీద నడుస్తోంది.

"ఏం తగిలింది ఆమోసూ?" అని ఆ క్రిస్మస్‌కి వాకిట్లో మొదలుపెట్టారు శౌరయ్యగారు.

"నెయ్యండీ" అన్నాడు దర్జీ ఆమోసు.

"వైనులో నెయ్యేవిటండీ?" అని నవ్వాను.

"నువ్వాగవయ్యా. ఆయన నాలుక, ఆయనిష్టం" అన్నారు శౌరయ్యగారు.

ఎదురింటి సంపూర్ణమ్మగారికి కాఫీపొడి తగిలింది. నా వంతొచ్చింది. దొరలు పాత పోర్టు తాగితే తోలు రుచి చెబుతారని లైబ్రరీలో ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివాను. వాళ్లలాగే తిప్పి చూద్దామని చెంచా తిప్పాను. సగం చొక్కా తాగింది. మిగిలింది నోట్లో పోసుకుని కళ్లు మూసుకున్నాను.

"తోలండీ. బాగా పాతబడిన తోలు."

అందరూ నవ్వారు. శౌరయ్యగారు నవ్వలేదు, తల వంచి నా కాళ్లకేసి చూశారు. నా పాండిత్యానికే తల వంచారనుకున్నాను.

మర్నాడు నా చెప్పు ఒకటి కనబడలేదు. పాపం, వీధికుక్కని నానా తిట్లూ తిట్టాను. ఇంటర్వ్యూ రోజు పొద్దున గుమ్మంలో ఆ చెప్పు, పక్కనే కొత్త తోలు చెప్పుల జత ఉన్నాయి.

"ఎవరివండీ ఇవి?" అని శౌరయ్యగారి భార్య అమలమ్మగారిని అడిగాను.

"నీవే. తోలన్నావంటగా. కొలతకి నీ చెప్పు పట్టుకెళ్లారు."

"అది పత్రికలో చదివి కోతలు కోశానండీ."

"నాలిక్కి ఏది కరువైతే అదే తగులుద్దంటారు ఈయన. నీకేం తక్కువైందని అడిగితే ఎవరు చెబుతారు? అందుకే ఈ చెంచా గోల. ఆమోసుకి నెయ్యి, సంపూర్ణమ్మకి కాఫీపొడి ఎవరు పంపారనుకున్నావ్?"

సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది. ఆ చెప్పులేసుకుని వెళ్లాను. ఉద్యోగం వచ్చింది.

మళ్లీ క్రిస్మస్ వచ్చింది. "ఏం తగిలింది?" అన్నారు. ఈసారి ఏ పత్రికా గుర్తు రాలేదు.

"ద్రాక్షండీ."

ఆయన మొహం వెలిగిపోయింది. "ఇదిగో అమలా, వీడికి ద్రాక్షే తగిలింది. ఇక వీడికి ఏ లోటూ లేదు" అంటూ, ఎవరికీ పొయ్యని రెండో చెంచా నాకు పోశారు.

అదీ మింగి, పెదాలు చప్పరించి, "దీంట్లో కొంచెం చేతి గడియారం తగులుతోందండీ" అన్నాను.

శౌరయ్యగారు చెంచా లాక్కుని జాడీకి మూత పెట్టేశారు.