మూసేసిన డిస్ట్రిక్ట్ నుంచి బజర్

2007 వానాకాలం. గోదావరిఖనిలో మా బొగ్గు కంపెనీ ఏరియా ఆఫీసులో నేను ఇడిపి సెక్షన్‌లో ఉండేవాణ్ణి. ఇడిపి అంటే కంప్యూటర్ల విభాగం. జీతాల పట్టీలు ప్రింటు తీయడం తప్ప మాకు వేరే పని ఉండదని మిగతా సెక్షన్లవాళ్ల నమ్మకం. ఆ ఏడు మాత్రం మా దశ తిరిగింది. కొత్త టెక్నాలజీ కోసం పైనుంచి డబ్బు మంజూరైంది. దేనికి ముందు ఖర్చు పెట్టాలి, దేన్ని వెనక్కి నెట్టాలి అని తేల్చే కమిటీలో నన్నూ వేశారు.

హైదరాబాద్ నుంచి కన్సల్టెంట్ ఒకాయన వచ్చాడు. తెల్లచొక్కాకు మసి అంటకుండా మూడు ఆఫీసులు తిరిగి, ప్రతి ప్రతిపాదనకూ మార్కులు వేసే పద్ధతి నేర్పాడు. ఎంత మిగులుతుంది, ఎంత జల్దీ మిగులుతుంది, అమలు చేయడం ఎంత సులువు. పద్ధతి మంచిదే, తర్వాత నేనూ వాడాను. వేలిముద్రల హాజరు మిషన్లు అన్నిటికన్నా ముందు నిలిచాయి. ఆ మార్కుల పట్టీలో అట్టడుగున ఒక పాత ఇంక్లయిన్ టెలిఫోన్ బోర్డు ఉంది. ఇంక్లయిన్ అంటే ఏటవాలుగా భూమిలోకి దిగే గని. ఆ బోర్డు తీసేసి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్ పెట్టాలని, ఈలోగా వాడకంలో లేని లైన్లు కత్తిరించాలని ఆయన సలహా. ఏ లైన్లు కత్తిరించాలో చూసి రమ్మని నన్ను పంపారు.

బోర్డు ముందు రాజక్క కూర్చుని ఉంది. భర్త మొగిలి ఆ గనిలోనే సర్దార్‌గా, అంటే ఒక భాగంలో పనిచేసేవాళ్ల బాగోగులు చూసే మనిషిగా ఉండి, కప్పు కూలి చనిపోయాడు. ఆయన ఉద్యోగానికి బదులుగా ఆమెకు ఈ బోర్డు పని వచ్చింది. చేతులు ప్లగ్గుల మీద, కళ్లు దీపాల మీద. కింద ఎవరైనా రిసీవర్ ఎత్తితే బోర్డు మీద ఆ లైను దీపం వెలుగుతుంది, బజర్ మోగుతుంది. నేను లైన్ల పేర్లు చదువుతూ గీతలు పెడుతున్నాను.

"గది కొట్టెయ్యకుండ్రి సార్," అంది.

అది పై డిస్ట్రిక్ట్ లైను. గనిలో ఒక్కో భాగాన్ని డిస్ట్రిక్ట్ అంటాం. మొగిలి పోయిన డిస్ట్రిక్ట్ అదే. ఆయన్ని బయటికి తెచ్చాక దారికి అడ్డంగా ఇటుకగోడ కట్టి మూసేశారు. లోపలి ఫోను లోపలే ఉండిపోయింది.

"ఆడ ఎవరున్నరక్కా మాట్లాడేటందుకు?"

"ఎవ్వలు లేరు. కని మోగుతున్నది."

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆమె ముఖంలో నవ్వులాట లేదు.

"వానలు వడ్డకాన్నుంచి మొదలైంది. మొదట్ల ఎప్పుడో ఒకపారి. ఇప్పుడు దినాం. నేను పిచ్చిదాన్ని కాదు సార్. సచ్చినోళ్లు ఫోన్లు చెయ్యరని నాకెరుకే. కని దీపం వెలిగితె ఎత్తకుంట ఎట్లుంట? నా డ్యూటే గది."

బయట పట్టపగలు. వాన వెలిసి రేకుల మీద నుంచి చుక్కలు పడుతున్నాయి. నేను అక్కడే కూర్చున్నాను. టీ వచ్చింది, తాగాను. అప్పుడు ఆ దీపం వెలిగింది. బజర్ చిన్నగా, తెగి తెగి మోగింది. రాజక్క ప్లగ్ పెట్టి హెడ్‌ఫోను నాకిచ్చింది.

ఖాళీ కుండకు చెవి ఆనిస్తే వినిపించే హోరు. దాని లోపల ఎక్కడో ఏదో మెల్లగా కదిలి, ఆగి, మళ్లీ కదులుతోంది. ఎందుకన్నానో తెలియదు, "హలో" అన్నాను. చప్పుడు ఆగింది. నిజం చెప్పాలంటే భయమేసింది. దీపం ఆరిపోయింది.

"నేను గూడ మొదట్ల హలో అన్న," అంది రాజక్క. "ఇప్పుడు అంటలేను. చెవి పెట్టి ఇంట, గంతే." అప్పుడు అసలు మాట చెప్పింది. "ఆ దినం ఆయన గా ఫోన్లనే చెప్పిండు సార్, కప్పు మాట్లాడుతున్నది, పటపట పలుగుతున్నది, మనుషులను తీస్తున్న అని. అందరు ఎల్లిండ్రు, ఆయన ఎల్లలే. ఇప్పుడు దానికింది సెక్షన్ల మా తమ్ముడు సమ్మయ్య చేస్తున్నడు. వాని షిఫ్టు వచ్చిందంటె నాకు పానం కొట్టుకుంటది."

దయ్యాల సంగతి నాకు తెలియదు గానీ టెలిఫోను సంగతి కొంచెం తెలుసు. కేబుల్ జాయింటు తడిస్తే రెండు తీగలూ కలిసి రిసీవర్ ఎత్తినట్టే అవుతుంది. అయితే తడి ఎక్కణ్నుంచి వచ్చినట్టు? అక్కణ్నుంచి నేరుగా సర్వే ఆఫీసుకు నడిచాను. సర్వేయర్ మల్లేశం ప్లాను పరిచాడు. మూసిన డిస్ట్రిక్ట్ ఎగువన ఉంది. సమ్మయ్య వాళ్లు పనిచేసే సెక్షన్ దాని దిగువన ఉంది. మధ్యలో వదిలేసిన బొగ్గుగోడ ఒక్కటే అడ్డం, రోజూ ఆ గోడవైపే తవ్వుకుంటూ వెళ్తున్నారు.

"నీళ్లు లేవు సార్," అన్నాడు మల్లేశం. "గోడల పైపు పెట్టినం గద. నీళ్లుంటె పైపుల కెల్లి రావాలె. చుక్క వస్తలేదు."

"పైపు పూడుకుపోయి ఉంటే?"

అతను ప్లాను చుట్టడం కూడా మరిచిపోయి నాతో పాటు లేచాడు.

గని మేనేజరు మంచివాడే, కానీ ఉత్పత్తి టార్గెట్ ఆయన మెడ మీద కూర్చుని ఉంది. "మూసేసిన కాడి కెల్లి ఫోన్ మోగిందని సెక్షన్ బందు పెట్టాల్నా? పైకి ఏమని చెప్పాలయ్యా నేను?" అన్నాడు.

"ఫోను సంగతి చెప్పకండి సార్. కేబుల్ తడిసిందని చెప్పండి. ఎండిపోయిందనుకున్న చోట తడి ఉంది, బోరు వేసి చూస్తున్నామని చెప్పండి."

ఆయన కిటికీలోంచి మళ్లీ మొదలైన వానను చూశాడు. మనుషుల్ని బయటికి తీసి అడ్వాన్స్ బోరింగ్‌కు ఒప్పుకున్నాడు. అంటే తవ్వే ముందు సన్నటి రంధ్రం వేసి అవతల ఏముందో తెలుసుకోవడం. బోరు వేసేవాళ్లతో మల్లేశం దిగాడు. నేను రాజక్క పక్కన కూర్చున్నాను. పై డిస్ట్రిక్ట్ దీపం వెలిగి, ఈసారి ఆరలేదు. ఆమె ప్లగ్ పెట్టలేదు, దాన్నే చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంతసేపటికి పక్కనున్న కింది సెక్షన్ దీపం వెలిగింది. మల్లేశం గొంతు.

"సార్, రాడ్డును ఎనుకకు నూకేసింది. నీళ్లు! నల్లటి నీళ్లు, మంచు లెక్క సల్లగున్నయి. ఇంకో నాలుగు దినాలు తవ్వితె మనోళ్లు ఒక్కలు మిగులకపోదురు."

రాజక్క ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి, దాచుకోలేదు. కాసేపటికి సమ్మయ్య బురదకాళ్లతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏందక్కా, గట్ల ఏడుస్తున్నవ్?" అని అడిగాడు. ఆమె వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నాకొచ్చిన టీ వాడికిచ్చింది.

తర్వాతి కమిటీ మీటింగులో నేను వరస మార్చమన్నాను. మూసేసిన డిస్ట్రిక్టుల్లో నీటిమట్టం, గ్యాసు కొలిచే సెన్సర్లు పెట్టి వాటి లైన్లు పైన బోర్డుకు తేవడం ముందు, హాజరు మిషన్లు తర్వాత. కన్సల్టెంట్ మర్యాదగానే అడిగాడు, "దీనివల్ల మిగిలేది ఏ గడిలో రాయాలి సార్?" నేను సమ్మయ్య పేరు చెప్పాను. వాళ్ల షిఫ్టులో మిగతా పేర్లు మేనేజరు చెప్పాడు. ఆ ఏడు డబ్బు సెన్సర్లకే వెళ్లింది.

కొత్త మిషను మనకేం తెచ్చిపెడుతుందని అందరం అడుగుతాం. తీసిపారేసేముందు పాత మిషను ఇప్పుడు మనకేం చెబుతోందని ఎవరూ అడగరు. ఆ తర్వాత నేను ఎన్నో ప్రతిపాదనలకు మార్కులు వేశాను. దేన్నయినా పనికిరానిదని కొట్టేసేముందు, దాని ముందు కూర్చునే మనిషి పక్కన ఒక పూట కూర్చోవడం మాత్రం మానలేదు.

ఇంకొక్క సంగతి ఉంది. దాన్ని రిపోర్టులో రాయలేదు. పంపులు పెట్టి నీళ్లు తోడాక మల్లేశం వాళ్లు గోడ తీసి లోపలికి వెళ్లారు. జాయింటు బాక్సు నేల దగ్గర బురదలో దొరికింది, అనుకున్నట్టే తడిసి తుప్పు పట్టి ఉంది. ఫోను మాత్రం పైన గోడకు ఉంది. నీటి మరక దానికి చాలా కిందనే ఆగిపోయింది. గోడ కట్టే రోజున రిసీవర్ కొక్కేనికి తగిలించి వచ్చామని మల్లేశానికి బాగా గుర్తు. ఇప్పుడది వైరుకు వేలాడుతోంది.

"ఏం రాద్దాం సార్?" అని అడిగాడు. జాయింటు బాక్సు గురించి రాయమన్నాను.

రాజక్కకు చెప్పకూడదనే అనుకున్నాను. ఆమే అడిగింది, లోపల ఎట్లున్నదని. చెప్పేశాను. ఆరిపోయిన ఆ దీపం వైపు చూసింది.

"మల్ల తగిలిచ్చిండ్రా దాన్ని?"

"తగిలించారట అక్కా."

"మంచిగ చేసిండ్రు," అంది. "చెయ్యి గుంజుతది సార్. ఆయన ఎంతసేపని పట్టుకుంటడు?"