మట్టిని అడిగిన వదిన

మా వదిన పోయారని ఉప్పల్ దవాఖానా నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు, నేను ఆవిడ అప్పజెప్పిన పనిలోనే ఉన్నాను. వానపాముల డబ్బాల మీద నీళ్లు చిలకరిస్తున్నాను. ఫోన్ పెట్టేశాక రెండో డబ్బా కూడా తడిపి, మూత పెట్టి, అప్పుడు కూలబడ్డాను.

వదిన మా ఆయనకు అక్క. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, నాచారంలో మా పై వాటాలోనే ఉండేవారు. మా పెరటి మట్టి ఇల్లు కట్టేటప్పుడు ఎక్కడినుంచో లారీలో వచ్చింది. వాన పడితే రంగుడబ్బా మూత తీసిన వాసన. గోంగూర మడి వేసింది ఆ మట్టిలోనే. కడుపుతో ఉన్న మా అమ్మాయి గోంగూర పచ్చడి అడిగిన రోజు, కోయబోతున్న నా చేయి వదిన పట్టుకున్నారు.

“జర ఆగు. మట్టిని అడిగి చెప్త.”

ఒక డబ్బాలో మా పెరటి మట్టి, ఇంకోదాంట్లో బోడుప్పల్‌లో మా తమ్ముడి చెలక మట్టి, ఏ మందూ ఎరగని మెట్ట పొలానిది. రెండింట్లోనూ వానపాములు. వాటిని ముట్టే ముందు, చేతికి సబ్బు వాసన కూడా మిగలకుండా కడుక్కునేవారు. కొన్నాళ్లకు రెండు డబ్బాల్లోనూ అవి నిగనిగలాడాయి.

“ఇగ మంచిదే కదా వదినె?”

“పెద్దయి ఎట్లనన్న బతుకుతయి. మా తమ్మునితోని నువ్వు బతుకుతలేవా?” అని నవ్వారు. “గుడ్లు పెట్టాలె. పిల్లలు కావాలె. ఆ పిల్లల మెడకాడ పట్టీ రావాలె, అయి మళ్ల గుడ్లు పెట్టాలె. అప్పుడు ఒప్పుకుంట.”

ఆ పట్టీ ఈడొచ్చిన గుర్తు. చెలక మట్టి పిల్లలకు వచ్చింది. మా మట్టిలో పుట్టినవి కొన్నే, దారప్పోగుల్లా ఉండేవి, పట్టీ ఇంకా రాలేదు.

“ఇంకా సూద్దాం. తొందరపడి మట్టిని తిట్టొద్దు, మెచ్చుకోవద్దు,” అన్నారు. ఛాతీ నొప్పితో ఆటో ఎక్కుతూ కూడా, “నీళ్లు మర్వకు” అనే అన్నారు.

పదకొండో రోజు ఇల్లు కడిగారు. నేను స్నానం చేసి వచ్చేసరికి మా చిన్నత్త రెండు డబ్బాలూ గోంగూర మడిలో బోర్లించి, ఫినాయిల్‌తో కడుగుతోంది.

“ఏందే, గట్ల సూస్తున్నవ్? పాపం, వాటికి గూడ విడుదల గావాలె. నీ మడికి ఎరువాయె!”

ఆమె మనసులో కల్మషం లేదు. మడిలో చేత్తో వెతికితే పట్టీ ఉన్నవి, లేనివి అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఏది ఏ మట్టిలో పుట్టిందో నాకేం తెలుసు? మళ్లీ మొదలుపెడితే నెలలు పడుతుంది. అమ్మాయి కాన్పు అంతదాకా ఆగదు.

నిన్న వాన పడింది. కిటికీ దగ్గర నుంచి అమ్మాయి అడిగింది.

“అమ్మా, గోంగూర సంగతి అత్తమ్మ ఆఖరికి ఏమన్నది?”

“ఏం అనలేదు బిడ్డా.”

గోంగూర మోకాలెత్తు పెరిగింది, ఎర్రటి కాడలతో. మడి గట్టు మీదికి సన్నటి వానపాము ఒకటి పాకి వచ్చింది. వదిన భూతద్దం పెట్టి వంగి చూశాను. మెడ దగ్గర పట్టీ లేదు. చినుకుల్లో కాసేపు తల అటూ ఇటూ తిప్పి, అది మళ్లీ మా మట్టిలోకే దూరింది.